పళ్లెం నన్ను దాటిపోయిన ఆదివారాలు

నా భార్య జ్ఞాపకార్థ కూడికలో చాలామంది లేచి సాక్ష్యం చెప్పారు. అందరూ ఒకే కథ చెప్పారు. ఆ సహోదరి ఏళ్ల తరబడి భర్త కోసం కన్నీళ్లతో ప్రార్థించింది, ప్రభువు ఆ ప్రార్థన విన్నాడు, ఆమె కన్ను మూయకముందే భర్త బాప్తిస్మం తీసుకున్నాడు, దేవునికి స్తోత్రం. విన్నవాళ్లు ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఇప్పుడా కథ మా సంఘం దాటి పోయింది. వేరే రాష్ట్రంలో, హెర్న్‌డన్ తెలుగు సంఘంలో ఎవరో తమ ఉపవాస ప్రార్థనలో చెప్పుకున్నారట. నేపర్‌విల్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, "బ్రదర్, మీ టెస్టిమొనీ మా యూత్ మీటింగ్‌లో జూమ్‌లో షేర్ చేస్తారా, పదిహేను నిమిషాలు చాలు" అని అడిగాడు. నోరు మారినకొద్దీ ఆ కథ తియ్యనవుతోంది. అందులోంచి జారిపోతున్నది ఒక్కటే, ఆలస్యం. ఆ ఆలస్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో, దానివల్ల ఏం పోయిందో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆరాధనలో రొట్టె పళ్లెం చేతికి వస్తే తాము తీసుకోకుండా పక్కవాళ్లకు అందించి ఊరుకునేవాళ్లు మా సంఘంలో ఇంకా ఉన్నారు. నేను రాయకపోతే వాళ్లకు ఆ తియ్యటి కథే అందుతుంది. అందుకని రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. మా సంఘం చిన్నది, పేర్లు లేకపోయినా ఎవరికి వాళ్లు తెలుసుకుంటారు.

నాది చీరాల దగ్గర. ఇంటర్ పాసయ్యాను, డిగ్రీ మధ్యలో వదిలేశాను. మా నాన్న మిషన్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు అక్కడ నర్సుగా చేస్తున్న అమ్మాయిని ఇష్టపడ్డాను. వాళ్లది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం, మాది కాదు. రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాం. కొన్నేళ్లకు ఆమెకు అమెరికాలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆమె వీసా వెనకాల నేనూ, నా చంకలో పాపా వచ్చాం. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక కిరాణా షాపులో నాకు పని దొరికింది. నాతోపాటు బియ్యం బస్తాలు దించే గుంటూరు కుర్రాడు ఎప్పుడూ అనేవాడు, "నువ్వు మీ ఆవిడ చెకిన్ లగేజీవి బావా. నీ మీద ట్యాగ్ కూడా ఆవిడ పేరే" అని. నవ్వేసేవాణ్ణి. కానీ ఏదో ఒక విషయంలో నేను నా అంతట నేను గట్టివాణ్ణని చూపించాలనే పంతం లోపల ఉండేది.

ఆ పంతం తీరింది పబ్లిక్ లైబ్రరీలో. షాపులో చేరకముందు, పని దొరకని మొదటి శీతాకాలం పాపను తోపుడుబండిలో వేసుకుని అక్కడికే పోయేవాణ్ణి. వెచ్చగా ఉండేది, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. మొదట పిల్లల పుస్తకాలు, పాపకు చదువుతున్నట్టు నాకు నేను చదువుకున్నాను. తరువాత డిక్షనరీ పక్కన పెట్టుకుని చరిత్ర. తరువాత, నా భార్య నమ్మే దేవుడి సంగతేమిటో తేల్చుకుందామని మతం అలమర. అక్కడే ఉండిపోయాను. తొలి శతాబ్దాల సంఘాల చరిత్ర, వ్యాఖ్యానాలు, గ్రీకు మాటల నిఘంటువులు. మా లైబ్రరీలో లేని పుస్తకం వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించే పద్ధతి ఉందని తెలిశాక నాకు అడ్డు లేకుండా పోయింది. నడుముకు కాగితం పట్టీ కట్టుకుని, మీద నా పేరు రాసుకుని, ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పుస్తకాలు వచ్చి నా కోసం అలమరలో నిలబడి ఉండేవి. డిగ్రీ లేనివాడికి అదెంత గౌరవమో చదువుకున్నవాళ్లకు తెలియదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాన్ని తప్పనడం లేదు.

ఆ పుస్తకాల వల్లే నాకు నమ్మకం కలిగిందని కూడా చెప్పాలి. దేవుడున్నాడా అన్న ప్రశ్న నాకు తొందరగానే తీరిపోయింది. ఆదివారం సంఘానికి వెళ్లేవాణ్ణి, ప్రార్థన చేసేవాణ్ణి, పాటలు వచ్చేవి. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు.

మాది తెలుగు సంఘం. మాకు సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం హాలు అద్దెకిస్తారు. వాళ్ల కాఫీ వాసన ఇంకా పోకముందే మా వాళ్లు కీబోర్డూ తబలా సర్దుకుంటారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల, క్రీస్తు కడరాత్రి భోజనం గుర్తుగా రొట్టె పంచుకోవడం. రొట్టె అంగట్లో కొనరు. సంఘంలోని స్త్రీలు వంతుల ప్రకారం పులియని పిండితో ఇంట్లో చేసి తెస్తారు. పాస్టర్ అయ్యగారు ప్రార్థించి ఆ రొట్టె విరిచి పళ్లెంలో పెడితే, అది వరస వెంట చేతులు మారుతూ వస్తుంది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఒక ముక్క తీసుకుంటారు. తీసుకోనివాళ్లు పళ్లెం పట్టుకుని పక్కవాళ్లకు అందిస్తారు. ఎవరూ ఏమీ అనరు. చూడనట్టే ఉంటారు.

మేమెప్పుడూ ఎడమవైపు నాలుగో వరసలో కూర్చునేవాళ్లం. పళ్లెం నా ఎడమ నుంచి వచ్చేది. అందుకుని నా భార్యకు ఇచ్చేవాణ్ణి. ఆమె ముక్క తీసుకునేది, వెంటనే నోట్లో పెట్టుకునేది కాదు. అరచేతిలో పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేది. ఆ కాసేపూ ఆమె ఏం అడుగుతోందో నాకు తెలుసు. మా కాపురం మొత్తంలో ఆమె నన్ను కోరింది అదొక్కటే. నగలు కోరలేదు, ఇల్లు కోరలేదు. ఒకే రొట్టె నుంచి ఇద్దరం తినాలని కోరింది.

ఒకసారి ఇంటికొచ్చేటప్పుడు కార్‌లో అడిగింది.

"ఏవండీ, మీకు నమ్మకం ఉంది కదా?"

"ఉంది."

"మరి దేనికి ఆగారు?"

"శిశువులకిచ్చే బాప్తిస్మం గురించి రెండో శతాబ్దంలో ఏమనుకున్నారో చూస్తున్నా. ఆ పుస్తకం సగంలో ఉంది."

"మీరు శిశువా?"

వెనక సీట్లో మా అమ్మాయి పకపకా నవ్వింది. దానికప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. నేనూ నవ్వాను. నా భార్య కిటికీ వైపు తిరిగింది.

ఆ పుస్తకం అయిపోయింది. దాని చివర ఇచ్చిన పుస్తకాల పట్టిక చూసి ఇంకో మూడు తెప్పించుకున్నాను. ప్రతి పుస్తకం చివరా మరో పుస్తకం ఉండేది. ఇందులో మోసం ఏమిటంటే, నేను సోమరిగా లేను. పది గంటలు షాపులో నిలబడి వచ్చి, కాళ్లు వేణ్నీళ్లలో పెట్టుకుని చదివేవాణ్ణి. దేవుడి కోసమే శ్రమిస్తున్నానని మనస్ఫూర్తిగా అనుకున్నాను.

ఇళ్లలో జరిగే వాక్య ధ్యానాల్లో నాకు పేరొచ్చింది. అయ్యగారు ఏదైనా మాట వివరిస్తుంటే, "అయ్యగారూ, మూల భాషలో ఆ మాటకు ఇంకో అర్థం ఉందండీ" అని అందించేవాణ్ణి. ఆయన పగలు ఒక గోడౌన్‌లో షిఫ్ట్ మేనేజర్, సాయంత్రాలు కాపరి. ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. ఒకరోజు టీ తాగుతూ అందరి ముందే అన్నాడు.

"బ్రదర్ గారు మా సంఘానికి పెళ్లిచూపులకి వచ్చిన పెళ్లికొడుకండీ. అమ్మాయి నచ్చింది, ఇల్లు నచ్చింది, వంశం మొత్తం వాకబు చేశారు. ప్రతి నెలా వచ్చి కాఫీ తాగి, ఏ సంగతీ కబురు చేస్తామని వెళ్లిపోతారు."

అందరూ నవ్వారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నా భార్య కూడా నవ్వింది, "కాఫీ పొడి ఖర్చు నాది అయ్యగారూ" అంది.

ఒక కూడికలో సంపూర్ణ సమర్పణ అన్న అంశం మీద నన్నే మాట్లాడమన్నారు. బాప్తిస్మం లేనివాణ్ణి మాట్లాడమనడం మా సంఘంలో మామూలు కాదు. నా చదువుకు అయ్యగారు ఇచ్చిన మర్యాద అది. గంటసేపు మాట్లాడాను. సమర్పణ అంటే మన దగ్గరున్నది ఇవ్వడం కాదు, మన మీద మనకున్న చివరి మాటను ఇవ్వడం అన్నాను. పాత నిబంధన కాలంలో బలి ఇచ్చే మనిషి పశువు తల మీద చెయ్యి ఎందుకు పెట్టేవాడో చెప్పాను. ఇద్దరు పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తిరిగి వస్తుంటే నా భార్య అంది, "చాలా బాగా చెప్పారండీ. మీరు కూడా విని ఉంటే బాగుండేది."

ఆ మాట పట్టుకుని వారం రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

ఒక ఏడు నేను సరేనన్నాను కూడా. ఈస్టర్‌కి తీసుకుంటానని అయ్యగారికి చెప్పాను. నా భార్య ఆ రోజు ఆస్పత్రి నుంచే అందరికీ ఫోన్లు చేసింది. తెల్ల లాల్చీ పైజామా కుట్టించి ఊరి నుంచి వచ్చేవాళ్లతో తెప్పించింది. ఈస్టర్‌కి పది రోజుల ముందు, నేను చాలాకాలంగా అడుగుతున్న ఒక పెద్ద పుస్తకం వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ లైబ్రరీ నుంచి వచ్చింది. బాప్తిస్మం గురించే. రెండు వారాల్లో తిరిగి ఇచ్చెయ్యాలి. అది చదవకుండా నీళ్లలో దిగడం బుద్ధిలేని పని అనిపించింది. "వచ్చే నెలలో తీసుకుంటా. అర్థం తెలిసి తీసుకుంటే ఇంకా మంచిది కదా" అన్నాను. ఆమె లాల్చీని అట్టపెట్టెతో సహా బీరువా పై అరలో పెట్టేసింది. ఫోన్లు చేసినవాళ్లందరికీ మళ్లీ ఫోన్లు చేసి, "లేదక్కా, కొంచెం వాయిదా పడింది" అని చెబుతుంటే హాల్లో కూర్చుని విన్నాను. పుస్తకం తెరిచే ఉంది నా ముందు.

ఆ తరువాత ఆమె అడగడం మానేసింది. పళ్లెం అందించినప్పుడు కళ్లు మూసుకోవడం మాత్రం మానలేదు.

మా అమ్మాయి కాలేజీలో ఉండగా నా భార్యకు అన్నం మింగుడుపడడం కష్టమైంది. నర్సు కాబట్టి నాకన్నా ముందే తనకు తెలుసు. అన్నవాహికలో కణితి. మందు ఎక్కించారు, తరువాత ఆపరేషన్ అన్నారు. నేను నాకు తెలిసిన పనే చేశాను. లైబ్రరీకి వెళ్లి వైద్యం అలమర ముందు కూర్చున్నాను. సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ప్రశ్నలు రాసుకుని వెళ్లేవాణ్ణి. ఆయన ఓపికగా చెప్పేవాడు. దారిలో నా భార్య అనేది, "మీరు ఆయన పరీక్ష పేపర్ దిద్దుతున్నారేంటి? పాసయ్యాడా?"

ఆపరేషన్ రోజు పొద్దున్నే లోపలికి తీసుకెళ్లే ముందు ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. గాజులు తీసి ఇచ్చింది. ఉంగరం, కళ్లజోడు ఇచ్చింది. కళ్లజోడు లేకపోతే ఆమెకు నా ముఖం కూడా సరిగా కనబడదు. మత్తు ఇచ్చే డాక్టర్ వచ్చి ఏమేం జరగొచ్చో చెప్పాడు. వాటిలో చాలా ఆమె తన వార్డులో కళ్లారా చూసినవే. రెండే ప్రశ్నలు అడిగి, సంతకం పెట్టి, తల దిండు మీద ఆనించింది.

"భయం లేదా?" అన్నాను.

"ఎందుకు లేదు? ఉంది."

"మరి?"

"ఏం చెయ్యమంటారు? నా ఆపరేషన్ నేనే చేసుకోలేను కదా."

ఆమె దానికి ఏ అర్థమూ పెట్టి అనలేదు. చిరాగ్గా అంది, ఆకలి మీద ఉంది. మంచాన్ని తోసుకుంటూ తీసుకెళ్లిపోయారు. వెయిటింగ్ రూములో గాజులు జేబులో పెట్టుకుని కూర్చున్నాను. చేతిలో పుస్తకం ఉంది కానీ తెరవలేదు. ఇన్నేళ్లూ నేను చేసిందేమిటో అక్కడ తెలిసింది. నాకు తెలియాల్సింది మిగిలి ఉండి ఆగలేదు. అన్నీ తెలిసినా పడుకోవాలి, పడుకున్నాక పని చేసే చెయ్యి ఇంకొకరిది. అది నాకు ఇష్టం లేదు. దేవుడికి నా సమయం ఇచ్చాను, నిద్ర ఇచ్చాను, తెలివి మొత్తం ఇచ్చాను. ఎప్పుడు, ఎలా అన్నది మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. గంటసేపు ఉపన్యాసం ఇచ్చినవాడికి ఆ సంగతి ఆ ప్లాస్టిక్ కుర్చీలో గాని తట్టలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. కానీ లోపల అతికించినచోట సరిగా అతకలేదు. నోటి ద్వారా ఏమీ, చుక్క నీళ్లు కూడా తీసుకోకూడదన్నారు. పొట్టలోకి ట్యూబ్ పెట్టి పాలలాంటి ద్రవం ఎక్కించేవారు. గొంతు కూడా పోయింది, గుసగుసగానే మాట్లాడగలిగేది. నెమ్మదిగా సర్దుకుంటుందని కొన్ని వారాలు, సర్దుకోవచ్చని కొన్ని నెలలు గడిచాయి.

ఇంటికొచ్చిన రెండో వారం ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పాను, బాప్తిస్మం తీసుకుంటానని. కళ్లజోడు తీసి పెట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"నిజంగానే?"

"నిజంగానే. నీకు మింగడానికి పర్మిషన్ ఇచ్చిన నెలలో తీసుకుంటా. మొదటి బల్ల ఇద్దరం కలిసి తీసుకుందాం."

మంచి మాటే చెప్పాననుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. దగ్గరికి రమ్మని చెయ్యి చూపింది, గొంతు లేదు కదా. చెవి దగ్గర పెడితే అంది, "ఇది ఇంకో పుస్తకం."

"అదేంటే, నీ కోసమే కదా..."

"నా కోసం వద్దు. నా గొంతు ఎప్పుడు బాగవుతుందో మీరు చెప్తారా? డాక్టర్ చెప్తాడా? వచ్చే మొదటి ఆదివారం తీసుకోండి. నేను తిన్నా, తినకపోయినా."

ఆమె ఎన్నేళ్లుగానో అడిగింది ఇద్దరం కలిసి తినడం. దాన్ని ఆమే పక్కన పెట్టేసి నన్ను ముందుకు తోసింది. అప్పుడు కూడా నేను వెంటనే సరేననలేకపోయాను. మర్నాడు పొద్దున్న అన్నాను.

ఆ మొదటి ఆదివారానికి రొట్టె వంతు ఆమెది కాదు. అయినా అడిగి తీసుకుంది, శనివారమే. వంటింట్లో కుర్చీ వేసుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని తనే పిండి కలిపింది. మా అమ్మాయి పెనం దగ్గర నిలబడింది. "మమ్మీ, సాల్ట్ ఎంత వేయాలి?" అంటే, "నా రుచి చూసే నోరు సెలవులో ఉంది, నువ్వే చూడు" అంది.

అమెరికన్ చర్చిలో వేదిక వెనక బాప్తిస్మం ఇవ్వడానికి చిన్న నీళ్లతొట్టి ఉంటుంది. దాని హీటర్ ముందురోజే వేయాలట. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. నీళ్లు మంచులా ఉన్నాయి. అయ్యగారు నడుములోతు దిగి, పళ్లు కరుచుకుని, "బ్రదర్, ఇవాళ మాత్రం చర్చలు వద్దు" అన్నాడు. తెల్ల లాల్చీ బీరువా నుంచి తీశాం. పొట్ట దగ్గర గుండీలు పట్టలేదు. నిన్ను నీవు పూర్తిగా ప్రభువుకు అప్పగించుకుంటున్నావా అని ఆయన అడిగాడు. దానికి ఎప్పటినుంచో నేను తయారుచేసి పెట్టుకున్న జవాబు పెద్దది. "అవునండీ" అని మాత్రం అన్నాను.

వీపు కింద చెయ్యి పెట్టి, "కాళ్లు వదిలెయ్యండి" అన్నాడు. వదిలాననే అనుకున్నాను. ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోయింది. పైకి లేపాక ముందు వరసలో ఒక పెద్దావిడ, "మోచెయ్యి మునగలేదయ్యగారూ" అంది. మా వాళ్లు ఇలాంటివి ఊరుకోరు. ఒళ్లంతా మునిగితేనే బాప్తిస్మం. నా భార్య మా అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. అది లేచి, తన అమెరికా యాసలో హాలంతా వినబడేలా చెప్పింది, "మమ్మీ అంటుంది, ఇంకోసారి ముంచండి అంట. డాడీకి ఎప్పుడూ సెకండ్ ఎడిషనే ఇష్టం అంట."

హాలంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వుతూనే నన్ను రెండోసారి ముంచాడు. ఆ నవ్వు మధ్యలో నా ఒళ్లు తెలియకుండానే సడలింది. ఈసారి మొత్తం మునిగాను.

బట్టలు మార్చుకుని వచ్చి నా చోట్లో కూర్చున్నాను. జుట్టు ఇంకా తడిగానే ఉంది. పళ్లెం ఎడమ నుంచి వచ్చింది. ముక్క తీసుకున్నాను. పళ్లెం నా భార్యకు అందించాను. ఆమె రెండు చేతులతో పట్టుకుంది. తను పిసికిన పిండే. కొంచెం వంగి దాని వాసన చూసింది. వెనక ఎవరో, "పిసరంత నాలుక మీద పెట్టుకో అమ్మా, ఏం కాదు" అన్నారు. ఆమె తల ఊపింది, వద్దని. వార్డులో ఎందరికో చెప్పిన నియమం అది. పళ్లెం మా అమ్మాయికి ఇచ్చేసింది. తరువాత నా వైపు వంగి అంది, "తినండి. ఇన్నాళ్లు నేను తింటుంటే మీరు చూశారు. నేనూ చూడాలి కదా."

నోట్లో పెట్టుకున్నాను. మింగడానికి చాలాసేపు పట్టింది. ఎన్నేళ్లుగానో ప్రతి మొదటి ఆదివారం ఆమె నోట్లో ఈ రొట్టె ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. పక్కన ఉన్న మనిషి తినడు, తను తినాలి. అది ఏ నిఘంటువులోనూ దొరకలేదు నాకు.

రోగం తిరగబెట్టింది. ఆ తరువాత కొన్ని మొదటి ఆదివారాలు ఆమె నా పక్కన కూర్చుని పళ్లెం అందించింది. తరువాత కూర్చోలేదు. ఒకే రొట్టె నుంచి మేమిద్దరం ఒక్కసారి కూడా తినలేదు.

దేవుడు క్షమించాడా అని కొందరు నన్ను మెత్తగా అడుగుతుంటారు. క్షమించాడనే నమ్ముతున్నాను. కానీ క్షమాపణ పోయిన ఆదివారాలను తిరిగి ఇవ్వదు. ఆలస్యమైనా సరే వచ్చావు కదా అంటారు. వచ్చాను. వచ్చేసరికి వంట ఉంది, వండిన మనిషికి తినే వీలు లేదు. ఇంకా పుస్తకాలు చదువుతూనే ఉన్నాను. చదవద్దని ఎవరికీ చెప్పను. ఒక్కటే చెబుతాను, పళ్లెం చేతిలో ఉన్నవాళ్లు చదువుతూ కూడా తినొచ్చు. నాకు అది తట్టలేదు.

ఇక నాకు సాయపడ్డవాళ్లు. పేర్లు రాయనన్నాను గనుక మనుషులనే గుర్తు చేసుకుంటాను. లైబ్రరీ కౌంటర్‌లో ఉండే పెద్దావిడకు, ఆఖరి నెలల్లో గడువు దాటిన పుస్తకాల గురించి ఒక్క మాట అడగకుండా నా భార్య ఎలా ఉందని మాత్రమే అడిగినందుకు. ఆదివారాలు సెలవిచ్చి, ఆస్పత్రి రోజుల్లో నా షిఫ్టులు తానే చేసిన షాపు యజమానికి. లగేజీ అని వెక్కిరించి, చివరికి శవపేటిక మోయడానికి ముందు నిలబడ్డ గుంటూరు తమ్ముడికి. నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిన సర్జన్‌కి. చన్నీళ్లలో రెండుసార్లు ఓర్చిన అయ్యగారికి. మోచెయ్యి చూసిన పెద్దావిడకు, ఆమె ఇప్పుడు నాలుగో వరసకు మారి నా కుడిపక్కన కూర్చుంటోంది, పళ్లెం అందుకోవడానికి అక్కడ ఒక చెయ్యి ఉండాలని.

మా అమ్మాయికి. దానికి తెలుగు చదవడం రాదు. రాసినదంతా చదివి వినిపించాను. చివరిదాకా వింది. తరువాత, "డాడీ, మమ్మీని మరీ స్వీట్‌గా చేసేశారు. మమ్మీ ఇంకా చాలా తిట్టేది కదా" అంది. నిజమే, తిట్టేది. ఆ తిట్లలో కొన్ని నేను ఇక్కడ రాయలేదు.